మీ వంటింటి పంపులో వచ్చేవి ఏ నీళ్లు? ఆర్‌ఓ కొనేముందు ఒకసారి మాట్లాడుకుందాం

ఫ్లాట్_302 (బాచుపల్లి)

అందరికీ నమస్తే. ఈ మధ్యే బాచుపల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లోకి మారాం. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, చాలనప్పుడు బోరు వేస్తారు, ఎండలు మొదలయ్యాక ట్యాంకర్ కూడా తెప్పిస్తున్నారు. మూడూ పడేది ఒకే సంపులో, అక్కడి నుంచి పైన ట్యాంకుకి, ట్యాంకు నుంచి వంటింట్లోకి. ఏ రోజు ఏ నీళ్లు తాగుతున్నామో వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న ఆర్‌ఓ మెషిన్లు అమ్మే కుర్రాడొకడు వచ్చాడు. డెమో అని మా పంపు నీళ్లు ఒక గ్లాసులో, తన మెషిన్ నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, కడ్డీలున్న ప్లగ్గు ఒకటి రెండింట్లోనూ దించి స్విచ్ వేశాడు. మా గ్లాసు చూస్తుండగానే పచ్చబడి, తర్వాత గోధుమరంగుకి తిరిగి, పైన తెట్టు కట్టింది. వాడి గ్లాసు మాత్రం అలాగే తేటగా ఉంది. "ఇదే సార్ మీ బాబు తాగేది" అన్నాడు. అప్పటి నుంచి మా ఆవిడ పిల్లాడిని ఆ నీళ్లతో పళ్లు కూడా తోముకోనివ్వడం లేదు, ఇంట్లో ఒకటే టెన్షన్. వాడి మీటర్‌లో టీడీఎస్ 840 చూపించింది. 840 అంటే ఎంత ప్రమాదం? మెషిన్ కొనేయాలా?

నిరాశావాది

కొనెయ్యండి బ్రో, ఆలోచించేదేముంది. ఊరంతా తాగేది ఆర్‌ఓనే. మా తాత చెరువు నీళ్లు తాగి బతికాడు లాంటి కబుర్లు ఇప్పుడు వరసగా వస్తాయి చూడండి.

పాత_ల్యాబోడు

ఆ కడ్డీల డెమో ఇంకా బతికే ఉందన్నమాట. ఫ్లాట్ గారూ, ముందు మీ ఆవిడకి ధైర్యం చెప్పండి. గ్లాసులో తేలిన ఆ మడ్డి మీ నీళ్లలోంచి వచ్చింది కాదు, కడ్డీల్లోంచి వచ్చింది. ఆ ప్లగ్గులో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం ఉంటాయి. లవణాలున్న నీళ్లలో కరెంట్ పారుతుంది కాబట్టి ఇనుము కరిగి తుప్పుగా పైకి తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, కరెంట్ పారదు, కడ్డీ కరగదు. ఈసారి వాడొస్తే వాడి మెషిన్ నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. ఇంకా ముదురు రంగు వస్తుంది.

ఇక టీడీఎస్. నీళ్లలో కరిగిన పదార్థాలన్నీ కలిపి లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు అన్నది ఆ అంకె. చేతిలో పట్టుకునే మీటరు అది కూడా నేరుగా కొలవదు, కరెంట్ ఎంత పారుతోందో చూసి లెక్కకట్టి చెబుతుంది. మన దేశంలో తాగునీళ్ల ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉంటే మంచిది, వేరే దారి లేని చోట 2000 వరకు ఒప్పుకోవచ్చు. కాబట్టి 840 చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ 840లో ఏముందో మీటరు చెప్పదు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పు ఉడకదు, గీజర్‌కి గార పడుతుంది, సబ్బు నురగ రాదు, అంతకుమించి పెద్ద భయం లేదు. అదే నైట్రేట్ అయితే లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దానికి సడలింపు కూడా లేదు. ఫ్లోరైడ్ అయితే 1 దగ్గర ఆగాలి, వేరే దారి లేకపోతే 1.5. ఇవన్నీ మీటరుకి ఒకటే. ఇక డ్రైనేజీ కలిసి బ్యాక్టీరియా ఉన్న నీళ్లకి అది 250 చూపించి "భేష్" అంటుంది. నేను నీళ్ల ల్యాబులో పనిచేసిన కాలమంతా జనం సీసా చేతికిస్తూ అడిగేది "టీడీఎస్ ఎంత సార్" అనే. "ఎక్కడ పట్టారమ్మా ఈ నీళ్లు" అని మేం అడిగితే "పంపులో" అనేవారు. పంపులోకి ఎక్కడి నుంచి వచ్చాయన్నదే ముందు తెలియాలి. బోరు, నది, చెరువు, దేని రోగం దానిదే.

మీరు చేయాల్సిన పని: నల్లా నీళ్లు సంపులో పడకముందు ఒక సీసా, బోరు మోటార్ దగ్గర ఒక సీసా, ట్యాంకర్ పైపు దగ్గర ఒక సీసా, చివరికి వంటింట్లో ఒకటి. విడివిడిగా పట్టి ల్యాబ్‌కి ఇవ్వండి. కలిపేశాక పరీక్ష చేయిస్తే ఎవరి తప్పో తేలదు. బ్యాక్టీరియా పరీక్షకి ల్యాబువాళ్లిచ్చే శుద్ధి చేసిన సీసాలోనే పట్టాలి, అదే రోజు ఇచ్చేయాలి.

ప్లంబింగ్_అన్న (కూకట్‌పల్లి)

ల్యాబ్ సార్ చెప్పింది కరెక్ట్. నా పక్క నుంచి రెండు మాటలు.

మన దగ్గర నల్లా లైన్‌లో 24 గంటలూ నీళ్లుండవు. నీళ్లు వదిలినప్పుడు పైపులో ప్రెషర్ ఉంటుంది, ఆపేశాక ఖాళీ అవుతుంది. ఖాళీ పైపుకి చిన్న పగులున్నా, జాయింట్ లూజున్నా బయట ఏముంటే అది లోపలికి పీల్చుకుంటుంది. పాత గల్లీల్లో మంచినీళ్ల పైపు, డ్రైనేజీ పైపు పక్కపక్కనే ఉంటాయి. దానికి తోడు జనం నల్లాకే డైరెక్ట్‌గా మోటార్ బిగిస్తారు, అది ఇంకా గట్టిగా గుంజుతుంది. 2009లో భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్లు తాగి మనుషులు చనిపోయారు, గుర్తుందా? నదిలో నీళ్లు ఎంత మంచివైనా, ప్లాంటులో ఎంత శుభ్రం చేసినా, చివరి వంద గజాల పైపు దగ్గర కథ మారిపోతుంది. అందుకే నల్లా తిప్పగానే వచ్చే మొదటి నీళ్లు కాసేపు వదిలేసి తర్వాత పట్టుకోమంటాను నేను.

రెండోది సంపు. మూత సరిగ్గా ఉండదు, పక్కనే సెప్టిక్ ట్యాంక్ ఉంటుంది, ఏళ్ల తరబడి కడగరు. ఎంత పెద్ద అపార్ట్‌మెంటైనా నేను మొదట తీసి చూసేది సంపు మూతే.

మునుగోడు_పోరడు

నేనొక మాట చెప్తా, కొంచెం పొడుగైతది, ఏమనుకోవద్దు.

మా దిక్కు బోరు నీళ్లు గ్లాసులో పోస్తే అద్దంలెక్క ఉంటయి. రంగు లేదు, వాసన లేదు, రుచి కూడా తేడా లేదు. మీటరు పెడితే పెద్ద అంకె కూడా రాని బోర్లున్నయి. కానీ ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ గీతలొచ్చినయి, పెద్దోళ్ల నడుములు వంగిపోయినయి, మోకాళ్లు ముడుచుకుపోయినయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు ఒక తరం మొత్తం అట్లనే పోయింది. ఫ్లోరైడ్ ఎక్కడి నుంచో వచ్చి కలిసింది కాదు, మా కింద ఉన్న రాయిలోనే ఉంది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకి 480 మంది పోటీ చేసిన సంగతి ఇక్కడ ఎంతమందికి తెలుసు? గెలవడానికి కాదు, మా నీళ్ల గోస దేశానికి తెలవాలని. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయి ఎన్నికే వాయిదా వేయాల్సి వచ్చింది. ఇంకొకటి, హైదరాబాద్‌కి కృష్ణా నీళ్లు పోయేది ఎక్కడి నుంచి అనుకుంటున్నరు? అక్కంపల్లి రిజర్వాయర్, కోదండాపూర్ ప్లాంటు, రెండూ నల్లగొండ జిల్లాలోనే. పెద్ద పైపు మా జిల్లాలోంచే పోతుంటే, పక్క ఊర్ల ఆడోళ్లు బోరింగు కాడ బిందెలు పట్టుకుని నిలబడ్డరు. 2016లో మిషన్ భగీరథ మొదలైనంక నది నీళ్లు ఊర్లకొచ్చినయి, ఇప్పుడు పుట్టే పిల్లల పళ్లు తెల్లగున్నయి. వంగిన నడుములు మాత్రం ఇగ నిటారు కావు.

అందుకే 302 అన్నా, మీ బోరుకి టీడీఎస్ ఒక్కటి చూసి ఊకోకు. ఫ్లోరైడ్ పరీక్ష చేయించు. హైదరాబాద్ కింద కూడా గ్రానైటే ఉన్నది.

నిరాశావాది

మరిగించి తాగితే పోతుంది కదా? మా ఇంట్లో అంతే చేస్తాం.

పాత_ల్యాబోడు

పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, అంతే. ఫ్లోరైడ్, నైట్రేట్ ఆవిరి కావు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి మిగిలిన నీళ్లలో వాటి పాలు ఇంకాస్త పెరుగుతుంది. గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర కాఠిన్యంలో, అంటే కాల్షియం, మెగ్నీషియంలో, ఒక భాగం మాత్రమే. క్యాండిల్ ఫిల్టర్ కూడా మట్టినీ చాలావరకు క్రిములనీ ఆపుతుంది, కరిగినవాటిని ఆపలేదు. యూవీ దీపం క్రిములకి మంచిదే కానీ నీళ్లు తేటగా ఉంటేనే పనిచేస్తుంది. ఫ్లోరైడ్‌కి ఆర్‌ఓ, ఫ్లోరైడ్‌ని పట్టేసే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలు, లేదంటే పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి. ఆ పద్ధతి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది, పేరు మాత్రం మన జిల్లాది.

మునుగోడు తమ్ముడు చెప్పిన రాయి సంగతి కొంచెం విప్పి చెబుతాను, బోరు వేయించే ప్రతివాళ్లకీ పనికొస్తుంది. గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలుంటాయి. వాన నీరు పగుళ్లలోంచి మెల్లగా దిగుతూ రాయితో ఎంత ఎక్కువకాలం ఉంటే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ని కొంతవరకు కట్టేస్తుంది. కాల్షియం తగ్గి, సోడా గుణం పెరిగిన లోతు నీళ్లలో కట్టేసేదేమీ ఉండదు. అందుకే తరచుగా జరిగేదేమిటంటే, పాత చేదబావి నీళ్లు గార పట్టించినా పెద్ద హాని చేయవు, పక్కనే వెయ్యి అడుగుల బోరు వేస్తే "మెత్తటి నీళ్లు పడ్డాయి" అని సంబరపడతారు, ఫ్లోరైడ్ ఉండేది వాటిలోనే. పప్పు బాగా ఉడికితే మంచినీళ్లని మన అమ్మమ్మల లెక్క. ఈ ఒక్క చోట ఆ లెక్క తప్పుతుంది.

జెర్సీ_బాబాయ్

ఇది చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఇక్కడ అమెరికాలో చాలా ఊళ్లలో పంపు నీళ్లలో ఫ్లోరైడ్ పనిగట్టుకుని కలుపుతారు, పళ్లు పుచ్చిపోకుండా. లీటరుకి 0.7 మిల్లీగ్రాములు సిఫారసు. మా అత్తగారు ఒంగోలు వైపు వాళ్లు, వచ్చిన కొత్తలో ఆ మాట విని వారం పాటు సీసా నీళ్లే తాగారు.

మేం ఉన్న ఇంటికి సొంత బోరు. న్యూజెర్సీలో 2002 నుంచి ఒక చట్టం ఉంది, బోరున్న ఇల్లు అమ్మాలంటే నీళ్ల పరీక్ష చేయించి ఇద్దరికీ కాగితం ఇవ్వాల్సిందే. దాంట్లోనే మా నీళ్లలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉన్న సంగతి తెలిసింది. ఇక్కడి రాష్ట్ర పరిమితి లీటరుకి 5 మైక్రోగ్రాములు, దేశమంతటికీ ఉన్నదాంట్లో సగం. మన దగ్గర ఫ్లాట్ కొంటే లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఎల్‌ఆర్‌ఎస్ అన్నీ అడుగుతాం. నీళ్ల రిపోర్ట్ అడిగినవాణ్ణి నేను చూడలేదు.

నిరాశావాది

అక్కడ కలుపుతున్నారు, ఇక్కడ తీస్తున్నారు. మరి ఎవరు కరెక్టు?

పాత_ల్యాబోడు

ఇద్దరూ. మోతాదులో ఉంది కిటుకంతా. లీటరుకి అర మిల్లీగ్రాము పళ్లకి మేలు, మూడు నాలుగు మిల్లీగ్రాములున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలకి కీడు. పైగా మన ఎండలకి మనిషి తాగే నీళ్లు ఎక్కువ, పొలంలో పనిచేసేవాడు ఇంకా ఎక్కువ తాగుతాడు. ఒకే నీళ్లైనా ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ అందరికీ ఒకటి కాదు.

గోదారి_గట్టు (కోనసీమ)

మీరంతా రాయి గురించి మాట్లాడుతున్నారు, మా దగ్గర రాయే లేదండీ బాబూ. తవ్వితే ఇసుక, బంకమట్టి, ఆ కింద ఉప్పు నీళ్లు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టాక కాలువలొచ్చాయి, మేం తాగేదీ ఆ కాలువ నీళ్లే. ఊరికో మంచినీళ్ల చెరువు ఉంటుంది. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కదా, అప్పటికి చెరువు నిండి ఉండాలి. నిండలేదంటే రెండు నెలలు గోలే. ఊళ్లో పెద్ద తగాదాలు చాలావరకు ఆ తూము దగ్గరే మొదలవుతాయి.

తీరం ఊళ్లలో ఒక విచిత్రం ఉంటుంది. కాలువ గట్టు పక్కనో, ఇసుక దిబ్బ మీదో పైపైన బోరింగు దింపితే తియ్యటి నీళ్లు పడతాయి. పడ్డాయి కదాని మోటార్ పెట్టి గుంజితే కొన్నాళ్లకి ఉప్పుదేరిపోతాయి. వాన నీరు తేలిక, అది ఉప్పు నీళ్ల మీద పలచటి పొరగా నిలబడి ఉంటుంది, పాల మీద మీగడలాగా. నెమ్మదిగా తీసుకుంటే అందుతుంది, ఆత్రపడితే కింది ఉప్పు పైకి లేస్తుంది. చేతిబోరింగు ఉన్నన్నాళ్లు ఏళ్ల తరబడి తియ్యగా ఉన్న నీళ్లు, మోటార్ పెట్టగానే పోయిన ఇళ్లు మా పేటలోనే ఉన్నాయి.

మా అసలు బాధ ఉప్పు కాదు లెండి. పైన ఊళ్ల మురుగు కాలువలోకే, చేపల చెరువుల, రొయ్యల చెరువుల నీళ్లు వదిలేదీ దాంట్లోకే. ఆ నీళ్లే మా చెరువులోకి. పంచాయతీ వాళ్ల ఇసుక ఫిల్టర్ ఉంది, దాని మీద పాచి పెరిగితే బాగు చేసేవాడు లేడు.

పాత_ల్యాబోడు

గోదారి గారూ, ఆ పాచి మరీ పూర్తిగా శత్రువు కాదు. నిదానంగా వడగట్టే ఇసుక ఫిల్టర్‌లో ఇసుక పైన పలచటి జిగురు పొర ఏర్పడుతుంది, క్రిములను తినేసేది ఆ పొరే. కొత్తగా ఇసుక మార్చిన మొదటి రోజుల్లో ఆ ఫిల్టర్ సరిగ్గా పనిచేయదు కూడా. పొర మందంగా అయి నీళ్లు దిగకపోతే పైన అంగుళం ఇసుక గీకి తీసేయాలి. చాలాచోట్ల జరిగేదేమిటంటే, నీళ్లు దిగడం లేదని ఫిల్టర్ పక్కన పెట్టి చెరువు నీళ్లు నేరుగా ట్యాంకులోకి ఎక్కించి బ్లీచింగ్ చల్లేస్తారు. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ ఆ బురదతోనే ఖర్చైపోతుంది, చివరి ఇంటికి చేరేసరికి ఏమీ మిగలదు. చివరి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. పంచాయతీలో క్లోరోస్కోప్ ఉంటుంది, నీళ్లలో మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. వెళ్లి చూపించమని అడగండి, అడిగే హక్కు మీకుంది.

గోదారి_గట్టు

మా అమ్మ కొత్తనీరు వచ్చినప్పుడు చిల్లగింజ అరగదీసి కుండలో కలిపేది. రాత్రి కలిపితే తెల్లారేసరికి ఎర్ర మట్టంతా అడుగుకి. ఇప్పుడు మా పిల్లలకి ఆ గింజ చూపిస్తే జామగింజ అనుకుంటారు.

పాత_ల్యాబోడు

చిల్లగింజ చేసేదీ పటిక చేసేదీ ఒకటే పని, సన్నటి మట్టిని ముద్ద చేసి కిందికి దించడం. దానివల్ల నీళ్లు తేటపడతాయి కానీ క్రిములన్నీ పోవు. కలిపాక మరిగించండి.

ఉద్దానం_కొబ్బరి

చదువుతున్నాను అన్నీ. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి మండలం. మా ఊళ్లో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. బయటివాళ్లంతా "మీ నీళ్లలో ఏదో ఉంది" అంటారు, పెళ్లి సంబంధాలకి కూడా వెనకాడుతున్నారు. ఎంతోమంది వచ్చి నీళ్లు, మట్టి, రక్తం పట్టుకెళ్లారు. ఇదే కారణం అని ఖాయంగా ఇంతవరకు తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, ఎండలో తగినన్ని నీళ్లు తాగకుండా పనిచేయడం అన్నారు, పురుగుమందులు అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు.

నేల నీళ్ల మీద అనుమానం ఉంది కాబట్టి వేరే నీళ్లు తేవాలని హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు, 2023 డిసెంబర్‌లో ప్రారంభించారు. జబ్బు తగ్గిందా లేదా చెప్పడానికి ఇంకా ఏళ్లు పట్టొచ్చు. ఈలోగా ఇంట్లో ముసలివాళ్లు "బావి నీళ్ల రుచి దీనికి రాదు" అని వంశధార నీళ్లు పక్కనపెట్టి పాత బావి నీళ్లే తాగుతున్నారు. వాళ్లకి ఎలా నచ్చజెప్పాలో ఎవరైనా చెబితే బాగుండు.

మునుగోడు_పోరడు

అన్నా, మా దగ్గర కూడా మొదట ఇదే. బ్లీచింగ్ వాసనొస్తుందని భగీరథ నీళ్లు వాడుకకి పెట్టి, మినరల్ ప్లాంటు నుంచి టిన్నులు కొనుక్కున్నరు. నల్లా నీళ్లు మూత తీసిన బిందెలో కొన్ని గంటలు పెడితే వాసన తగ్గుతది. మా ఇంట్ల ముసలామెకు అట్ల అలవాటు చేసినం.

చెన్నపట్నం

టిన్నుల మాట వచ్చింది కాబట్టి. మేం చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్లం. శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా పూండి చెరువుకి కృష్ణా నీళ్లొస్తాయి, తెలుగుగంగ. అది రాని ఏడు వీరాణం చెరువు, అదీ లేకపోతే మింజూరు, నెమ్మేలి దగ్గర సముద్రం నీళ్లలో ఉప్పు తీసి ఇస్తారు. 2019 ఎండాకాలం పూండి లాంటి నగరం చెరువులు ఎండిపోయినప్పుడు మా వీధిలో తాగునీళ్లంటే క్యాన్ మాత్రమే. ఆ క్యాన్ ఎక్కడ నింపారని అడిగితే చెప్పేవాడు లేడు. చాలావరకు అదీ బోరు నీళ్లే, ఆర్‌ఓ కొట్టి ఇస్తారు. మన బోరు నమ్మక వేరేవాడి బోరు కొనుక్కుంటున్నాం అంతే. మూతకి సీలు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 14543 నంబరు (ప్యాక్ చేసిన తాగునీళ్ల ప్రమాణం), నింపిన తేదీ లేని క్యాన్ నేను తీసుకోను. వీధి చివర ప్లాంటులో మన బిందె పెట్టి పట్టుకునే నీళ్లకి ఇవేవీ ఉండవు.

ఫ్లాట్_302

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. లైన్‌మన్‌ని అడిగితే మా వైపు వచ్చేది ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు అన్నాడు. ఇన్నాళ్లూ మంజీరా అనుకుంటున్నాం, అపార్ట్‌మెంట్‌లో అందరూ అలాగే పిలుస్తారు.

రిపోర్టులు వచ్చాయి. నల్లా నీళ్లు సంపుకి ముందు: టీడీఎస్ 270, కాఠిన్యం 140, ఫ్లోరైడ్ 0.4, క్లోరిన్ 0.3, బ్యాక్టీరియా లేదు. బోరు: టీడీఎస్ 1180, కాఠిన్యం 560, ఫ్లోరైడ్ 1.2, నైట్రేట్ 74. ట్యాంకర్ దాదాపు మా బోరు లాగే ఉంది, నైట్రేట్ ఇంకాస్త ఎక్కువ. వంటింటి పంపు: టీడీఎస్ 790, క్లోరిన్ సున్నా, కోలిఫాం (మురుగు కలిసి ఉండొచ్చని చెప్పే బ్యాక్టీరియా) ఉంది. సంపు మూత తీయిస్తే లోపల బొద్దింకలు, ఒక పాత చెప్పు.

పాత_ల్యాబోడు

రిపోర్టు బాగా చేయించారు. చూశారా, 270 నీళ్లు మీ గుమ్మం దాకా చక్కగా వచ్చాయి. గుమ్మం లోపలికి వచ్చాకే పాడయ్యాయి. బోరులో నైట్రేట్ 74 అంటే చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకుల నీరు భూమిలోకి దిగుతోందని గట్టి అనుమానం. మీ వైపు కొత్తగా కట్టినవన్నీ డ్రైనేజీ లైన్ రాకముందే వెలిసిన ఇళ్లేగా. చంటిపిల్లలకి డబ్బాపాలు కలపడానికి ఆ బోరు నీళ్లు అసలు వాడకూడదు, ఒళ్లు నీలంగా మారే జబ్బు వస్తుంది. ఈ మాట మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి.

మీ ఒక్క ఫ్లాట్‌కి ఆర్‌ఓ పెట్టుకుంటే మీ గ్లాసు వరకు బాగుపడుతుంది. కానీ అది ఒక బిందె నీళ్లివ్వడానికి అంతకంటే ఎక్కువే మురుగులోకి వదిలేస్తుంది, 270 ఉన్న నల్లా నీళ్లను కూడా అదే గతి పట్టిస్తుంది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 లోపున్న చోట ఆర్‌ఓ వద్దన్నది ఇందుకే. నల్లా నీళ్లకి వేరే చిన్న సంపు, వంటింటికి వేరే లైను వేయించుకుంటే ఒక యూవీ ఫిల్టర్ చాలు. అది కుదిరేదాకా ఇప్పుడున్న కలగలుపు నీళ్లకైతే ఆర్‌ఓ పెట్టుకోండి, నేను కాదనను.

ప్లంబింగ్_అన్న

వేరే లైన్ అంత ఖర్చేం కాదు 302 గారూ. పైన ట్యాంకుని రెండు గదులుగా చేసి ఒకటి నల్లాకి కేటాయిస్తే, వంటింటి పంపు ఒక్కదానికే కొత్త పైపు దించాలి. షాఫ్టులోంచి వేసేయొచ్చు. బాత్రూములకి పాతదే. ముందు సంపు కడిగించండి, బ్లీచింగ్ వేసి నిలవుంచి ఆ నీళ్లు పారబోయండి.

ఫ్లాట్_302

మీటింగులో పెట్టాం. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు "మాకు ఆల్రెడీ ఆర్‌ఓ ఉంది, మేమెందుకు డబ్బులివ్వాలి" అంటున్నారు. అద్దెకున్నవాళ్లు ఓనర్‌ని అడగాలంటున్నారు. సంపు కడగడానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు, చెప్పు ఫొటో చూశాక.

జెర్సీ_బాబాయ్

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో మారినప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలి. 2014లో ఇక్కడ మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊళ్లో ఖర్చు తగ్గుతుందని హ్యూరాన్ సరస్సు నీళ్లు మానేసి పక్కనున్న నది నీళ్లకి మారారు. పైపులను తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత పైపుల్లోంచి సీసం కరిగి పిల్లల రక్తంలోకి చేరింది. నది నీళ్లలో సీసం లేదు, అది పైపుల్లో ఉంది. వచ్చే ఏడాది మీకు గోదావరి బదులు ఇంకో నీళ్లు వదిలినా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. అందుకే మళ్లీ పరీక్ష చేయించుకోండి.

పొదిలి_ప్లాటు (కొత్త సభ్యుడు)

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. పొదిలి దగ్గర ఇల్లు కడుతున్నాం, బోరు వేయాలి. బోర్లవాడు 700 అడుగులు వెళ్దాం, నీళ్లు గ్యారంటీ అంటున్నాడు. 180 అడుగుల దగ్గర కొద్దిగా ఊట తగిలింది. దాన్ని కేసింగు పైపుతో మూసేసి కిందికి వెళ్లాలట. వెళ్లమంటారా?

పాత_ల్యాబోడు

ఆగండి, మీరు చెప్పిన ఊరు మామూలు ఊరు కాదు. మన దేశంలో నీళ్ల ఫ్లోరైడ్ వల్ల ఎముకల జబ్బు వస్తుందని మొదట 1937లో బయటపడింది మీ ప్రాంతంలోనే, అప్పట్లో అది నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇవాళ బోరు ఆపి ఆ 180 అడుగుల నీళ్లు ఒక సీసా పట్టి ఫ్లోరైడ్, నైట్రేట్ చూపించండి. అవి బాగుంటే ఆ ఊటని మూయకండి, తాగడానికి దాన్నే ఉంచుకోండి. ఇంటి వాడకానికి, మొక్కలకి ఎక్కువ కావాలంటే లోతు బోరు వేరేగా, వేరే పైపుతో వేయించండి. రెండిటినీ ఒకే ట్యాంకులో కలపొద్దు.

పొదిలి_ప్లాటు

బోర్లవాడు బండి నిలబడితే రోజుకింత అంటున్నాడు మరి.

మునుగోడు_పోరడు

ఇచ్చెయ్ అన్నా. ఒక్కరోజు బండి కిరాయే కదా. మేడ మీద వాన నీళ్లు పట్టే ట్యాంకు కూడా ఇప్పుడే ప్లాన్‌లో పెట్టించు, గోడలు లేచినంక ఎవ్వడూ పెట్టడు.

పొదిలి_ప్లాటు

బండి ఆపించాను. ఒంగోలులో ల్యాబ్ రేపు పొద్దున తీస్తారట. సీసా ప్లాస్టిక్‌ది పర్లేదా, గాజుదే కావాలా?

పాత_ల్యాబోడు

ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్కే మంచిది. అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టి, మూత బిగించండి. లోతు, తేదీ సీసా మీద రాయడం మర్చిపోకండి.